జొన్నదంటు కప్పు కింద ఒక పూట

మట్టిగోడ దగ్గర నిలబడి అమ్మకి వీడియో కాల్ చేస్తే, "ఇదేటిరా, ఓడెక్కి అంత దూరం పోయి మన పాతిల్లే సూపిస్తన్నావా?" అంది. నవ్వొచ్చింది. నిజానికి ఫోన్ చేసిన కారణమూ అదే.

ఆ గోడ కురసావ్‌లోది. వెనెజులాకి ఉత్తరాన కరీబియన్ సముద్రంలో ఉన్న చిన్న దీవి, 444 చదరపు కిలోమీటర్లు. మా ట్యాంకర్ రిపేర్‌కని ఆ దీవి రాజధాని విల్లెంస్టాడ్‌లో డ్రైడాక్ (ఓడని నీళ్లలోంచి తీసి బాగుచేసే చోటు) ఎక్కింది. నేను అందులో మోటార్‌మ్యాన్‌ని, అంటే ఇంజన్ రూములో పని. శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు ఉద్దానం వాణ్ణి, మా వీధిలోనే ఏడుగురం ఓడల మీద ఉన్నాం. స్పేర్ పార్టు రాలేదు, పని నాలుగు రోజులు ఆగింది. మా వాళ్లు షోర్ లీవ్‌లో షాపింగ్‌కి పోతే నేను ఊళ్లోనే ఓట్రోబాండ అనే పేటలో, దీవి పడమటి కొసకి పోయే వెస్ట్‌పుంట్ బస్సెక్కాను. మ్యూజియం కోసమేమీ కాదు, బీచ్ చూద్దామని. దారిలో డోక్టర్స్‌టైన్ అనే ఊరి దగ్గర కిటికీలోంచి ఓ మట్టిల్లు కనిపించింది. దిగిపోయాను. తర్వాతి బస్సు ఎప్పుడో కూడా చూసుకోలేదు.

ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడివాళ్లు దాన్ని కాస్ ది పాలి మైషి అంటారు. కాస్ అంటే ఇల్లు, పాలి మైషి అంటే జొన్నదంటు. జొన్నని వాళ్ల పాపియమెంటు భాషలో మైషి చికీ, అంటే చిన్న మొక్కజొన్న అంటారు. ఇల్లు చూపించిన పెద్దావిడ నా గుప్పెట్లో గింజలు పోసింది. మన జొన్నలే. ఆఫ్రికా నుంచి వచ్చిన పంట, బానిసలుగా తెచ్చిన మనుషుల పంట. గింజ తిని, దంటుతో ఇల్లు కప్పుకున్నారు. మా వైపు జొన్న తక్కువ, చోళ్లూ గంటెలే ఎక్కువ. ఇంటి కప్పంటే మాకు తాటాకు.

గోడ సంగతి చెప్పాలి. ఒక మూల పూత రాలిపోయి లోపలిది కనిపిస్తోంది. కొమ్మలు అడ్డంగా, నిలువుగా తడికలా అల్లి, సందుల్లో బంకమన్ను కుక్కారు. పైన మళ్లీ మట్టి పూసి సున్నం కొట్టారు. ఆ రాలిన చోట మట్టిలో ఓ బొటనవేలి గుర్తు ఉంది. ఎప్పుడో ఎవరో నొక్కారు, అలాగే ఎండిపోయింది. నా వేలు పెట్టి చూశాను, నాది కాస్త పెద్దది. ఆడమనిషి వేలు అయ్యుండాలి అనుకున్నాను.

మా ఇల్లు అలా కట్టింది కాదు. మాది చుట్టిల్లు. తడిక ఉండదు. ఎండుగడ్డి వేసి తొక్కిన మట్టిని గుండ్రంగా ఒక వరస పెట్టి, అది ఆరాక పైన ఇంకో వరస. చూరు నడుం దాకా దిగుతుంది, వంగితే గానీ లోపలికి వెళ్లలేం. మా మామ్మ ఎనభై ఏళ్లకి కూడా గుమ్మం దగ్గర ఆగకుండానే వంగేది, అలవాటు. తుఫాను గాలికి పట్టు దొరక్కుండా అలా కట్టారంటారు. కురసావ్‌కి ఆ గొడవ తక్కువ. తుఫాన్లు మామూలుగా దీవికి ఉత్తరంగా పోతాయి. అందుకే కాబోలు, అక్కడి ఇల్లు నలుచదరంగా, తల వంచనక్కర్లేకుండా ఉంది. వాన కూడా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే, మాకు దాదాపు రెండింతలు పడుతుంది. జొన్నదంటు కప్పు మా ఊళ్లో రెండో శ్రావణం చూడదు.

వంటిల్లు బయట వేరేగా ఉంది. గోడకి ఓ కర్ర వేలాడుతోంది, చివర మూడు పంగలు. లేలే అంటారట. దాంతో మొక్కజొన్న పిండీ బొబ్బర్లూ కలిపి మెదుపుతారు, ఆ వంట పేరు టూటు. పప్పుగుత్తికి పెద్దక్క అనుకోండి.

కంచె మాత్రం నన్ను బాగా ఆపింది. ముళ్లకంప కాదు, జెముడు. కడూషి, దాతు అని రెండు రకాలు, స్తంభాల్లా నిలువుగా పెరుగుతాయి. కోసి వరసగా పాతితే వేళ్లూనుకుంటాయి, మేక దూరదు. మా సముద్రం ఒడ్డున మొగలి డొంకలు ఉన్నట్టు. ఈ జెముడు పూలు రాత్రి పూస్తాయి, తెల్లారితే వాడిపోతాయి. మరి పుప్పొడి ఎవరు మోస్తారు? గబ్బిలాలు. పొడుగు మూతి గబ్బిలాలు గుహల్లోంచి వచ్చి తేనె తాగుతాయి, ఆ పనిలోనే కాయలు కాస్తాయి. ఎండాకాలంలో పక్షులకీ, ఇగ్వానాలనే పెద్ద బల్లులకీ ఆ కాయలే తిండి. మా ఊళ్లో గబ్బిలం ఇంట్లోకొస్తే పెద్దవాళ్లు నానా గొడవ చేస్తారు, అక్కడ అది లేకపోతే కంచె మొక్కకి కాయ కాయదు.

నేను కంచె చూస్తుండగానే మట్టిగోడ మీదికి ఇగ్వానా ఒకటి ఎక్కింది. మొదట ఉడుమనుకున్నాను. వీపు మీద ముళ్ల వరస, గొంతు కింద వేలాడే తోలు. తల పైకీ కిందికీ ఆడించింది, మా తొండలు ఆడించినట్టే. దాన్ని వాళ్లు పులుసు పెట్టుకుంటారని పెద్దావిడ నవ్వుతూ చెప్పింది. మా చిన్నప్పుడు ఉడుము సంగతీ అంతే, ఇప్పుడు పట్టుకుంటే కేసు. గోడ కింద నేల మీద ఇంకో బల్లి పరిగెత్తింది, ఒంటి మీద నీలం చుక్కలు. బ్లౌ బ్లౌ అంది ఆవిడ. బ్లౌ అంటే నీలమే. పేరు పెట్టడానికి పెద్దగా ఆలోచించలేదు.

వంటింటి గుమ్మం దగ్గర చిప్పలో పంచదార పోసి ఉంచారు. చిన్న పసుపు పొట్ట పిట్టలు వచ్చి తింటున్నాయి. వాటి పేరు బరికా హెల్, అంటే పసుపు పొట్టే. ట్రూపియల్ అనే నారింజ రంగు పిట్ట ఒకటి జెముడు మీద వాలింది గానీ ఫోన్ తీసేలోపు ఎగిరిపోయింది. అదే దారిలో ఇంకాస్త ముందుకెళ్తే క్రిస్టోఫెల్ కొండ, 372 మీటర్లు. ఆ చుట్టుపక్కల తెల్ల తోక జింకలు కూడా ఉన్నాయన్నారు. నాకు టైం లేదు.

ఈ ఇళ్లలో ఎవరుండేవారో అడిగాను. కురసావ్‌లో బానిసత్వం 1863 జూలై 1న పోయింది. మనుషులు స్వేచ్ఛ పొందారు, భూమి మాత్రం దొరలదే. ఆ నేల మీద గుడిసె వేసుకుని నాలుగు గింజలు పండించుకోవాలంటే ఏడాదిలో కొన్ని రోజులు దొరకి ఊరికే పని చేయాలి. దాని పేరు పాగా తేరా, నేలకి చెల్లింపు. మా తాత జమీందారు తోటలో చేసిన వెట్టి గుర్తొచ్చింది. తర్వాత 1918లో విల్లెంస్టాడ్‌లో ఆయిల్ రిఫైనరీ నడవడం మొదలైంది. మగవాళ్లు నెల జీతానికి పట్నం పోయారు. జీతం వచ్చాక ఎవరు దంటు కప్పుతారు?

నేనూ అదే చేశాను. 2016లో నా మొదటి రెండు కాంట్రాక్టుల డబ్బుతో చుట్టిల్లు పడగొట్టి స్లాబు వేయించాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి పక్కింటి రేకులు మా స్లాబు మీద పడి మోగాయని, మా పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లు పోయాయని అమ్మ తర్వాత చెప్పింది. నేనప్పుడు సముద్రం మీద ఉన్నాను. ఇల్లు మాత్రం కదల్లేదు.

అందుకే వీడియో కాల్‌లో, "అమ్మా, మన చుట్టిల్లు ఉంచాల్సింది కదా" అంటే, అమ్మకి కోపమే వచ్చింది.

"నువ్వు అలికినావా, నాను అలికినానా? ప్రతి పండక్కీ నడుం ఇరిగేది. ఆకు మార్చడానికి మనుషులు దొరక్క నీ అయ్య ఎంత తిరిగాడో నీకు తెలీదా?"

నేనేమీ అనలేదు. ఫోన్ తిప్పి కప్పు లోపలివైపు చూపించాను, దంటు వరసలు, కట్టిన తాళ్లు. కాసేపు చూసింది.

"గట్టిగానే కట్టారు," అంది. తర్వాత, "చెద పట్టదా ఏటి దీనికి?"

పిట్టల గురించి, పులుసు గురించి, దొరల గురించి అన్నీ అడిగాను. చెద సంగతి మాత్రం అడగలేదు. వెనక్కి తిరిగేసరికి పెద్దావిడ గేటు దగ్గర తాళం పట్టుకుని ఉంది, రోడ్డు మీద బస్సు హారన్ కొడుతోంది.