శవాసనంలో చెమట

మా యోగా క్లాసు టీచరుగారి ఇంటి డాబా మీద. డిసెంబరు పొద్దున, అందరూ శాలువాలు పక్కన పెట్టుకుని శవాసనంలో పడుకున్నాం. నాకేమో వీపంతా చెమట, చేతులు వణుకు. కళ్లు మూసుకుని కదలకుండా ఉన్నానని టీచరుగారు "బాగా కుదిరిందండీ" అని మెచ్చుకుని పక్క వరుసకి వెళ్లారు.

ఎలాగో లేచి, సంచిలోంచి షుగర్ చూసుకునే మిషన్ తీసి వేలు గుచ్చి చూస్తే 58. డెబ్బైకి తగ్గితేనే లో షుగర్. టీచరుగారు కిందికి పరుగెత్తి మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తెచ్చారు. పావుగంటకి మనిషినయ్యాను.

తప్పు ఆసనాలది కాదు, నాది. నా షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్‌ని టిఫిన్‌కి ముందు వేసుకోమన్నారు డాక్టరుగారు. నేను ఐదున్నరకే మింగేసి, సూర్యనమస్కారాలూ అవీ గంటసేపు చేసి, ఏడున్నరకి ఇడ్లీ తినేదాన్ని. మనం తిన్నామా లేదా అన్నది ఆ మాత్రకి పట్టదు, క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. కదిలే కండరాలు ఇంకాస్త చక్కెర లాగేసుకుంటాయి. డాక్టరుగారు మాత్రని ఇంటికొచ్చాక, సరిగ్గా ఇడ్లీకి ముందుకి మార్చారు.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. రోజూ ఫాస్టింగ్ అంకె, అంటే పొద్దున పరగడుపు షుగర్, నోట్‌బుక్‌లో రాస్తాను. పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో తిండి మారకపోయినా అది 150 దాటేది. టెన్షన్ పడితే కార్టిసాల్, అడ్రినలిన్ పెరిగి, కాలేయం దాచుకున్న చక్కెరని రక్తంలోకి వదులుతుంది. మొన్నటి స్పాట్‌లో పడుకునే ముందు పది నిమిషాలు భ్రామరి, అనులోమ విలోమం ప్రాణాయామాలు చేశాను. నిద్ర పట్టింది, అంకె 130ల్లోనే ఆగింది. మండూకాసనం క్లోమాన్ని పిండి పనిచేయిస్తుందంటే మాత్రం నాకు నమ్మకం కుదరదు. అసలు దానికి ముందు కూర్చోవాల్సిన వజ్రాసనమే నా మోకాళ్లతో గగనం.

మా సైన్సు మాస్టారికి షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటే కంటి డాక్టరు శీర్షాసనం, కపాలభాతి రెండూ మాన్పించారు. క్లాసులో చేరేటప్పుడు మమ్మల్ని కళ్ల సంగతి ఎవరూ అడగలేదు. అడగాలి కదా!

ఏడాదిలో నా హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల షుగర్ సగటు, 8.1 నుంచి 7.2కి దిగింది. యోగా వల్లే అంటారు మావారు. రాత్రి అన్నం మాన్పించి తను పెట్టిన జొన్నరొట్టె వల్ల అంటారు మా అత్తగారు. డాక్టరుగారు మాత్రల చీటీ చూపిస్తారు. ఒక్క సమీకరణం, మూడు చరరాశులు. బోర్డు మీద ఇలాంటి లెక్క ఇస్తే "ఇంకో రెండు సమీకరణాలు కావాలి టీచర్" అని పిల్లలే అంటారు. అవి కావాలంటే మాత్రలు మానేసి చూడాలి. ఆ లెక్క నేను చెయ్యను.

మ్యాట్ సంచిలో ఇప్పుడు పంచదార కూడా ఉంటుంది. పొట్లానికి చీమలు పడుతున్నాయని మూత డబ్బాలోకి మార్చాను.