టర్కీ కోడి వేట తూటాలను కాగితం మీద పరీక్షించిన తీరు

నిరుటి వసంతంలో పదహారు గజాల దూరాన మెడ సాచి నిలబడిన టర్కీ పుంజు మీద తుపాకీ పేల్చి, దాని ఈక ఒక్కటి కూడా రాల్చలేకపోయాను. అంతకు నెల ముందే అదే తుపాకీతో, వందలకొద్దీ చిన్న గుళ్లు (పెల్లెట్లు) నిండిన అదే రకం తూటాతో నలభై గజాల నుంచి కాగితం మీద కాల్చి, పది అంగుళాల వృత్తంలో 118 రంధ్రాలు లెక్కపెట్టుకుని మురిసిపోయాను. అలాంటి తూటా అంత దగ్గరలో ఎలా తప్పిందన్నది ఏడాది పొడుగునా నన్ను వదలని ప్రశ్న. ఈసారి సీజన్‌కు ముందు తూటాల ఎంపికను, పరీక్షను మొదటి నుంచి మళ్లీ చేపట్టడానికి కారణం అదే.

అమెరికాలో వసంతకాలపు టర్కీ వేట తక్కిన పక్షుల వేట వంటిది కాదు. ఎగిరే పక్షిని కొట్టడం ఇందులో ఉండదు. నేల మీద నడిచి వచ్చే పుంజును దగ్గరికి పిలిచి, దాని తలకూ మెడకూ గురిపెట్టాలి. దాదాపు ఇరవై పౌండ్లు తూగే పక్షి అది. రొమ్మున దళసరి కండ, దాని మీద ఒత్తైన ఈకలు ఉంటాయి కనుక ఒంటి మీద తగిలిన పెల్లెట్లు దాన్ని అక్కడికక్కడే పడగొట్టవు, గాయపడి పారిపోయి ఎక్కడో పొదల్లో చచ్చేలా చేస్తాయి. మెదడు, మెడలోని వెన్నుపూసలు మాత్రమే నమ్మదగిన లక్ష్యం. ఆ సన్నని చోటులో కొన్ని పెల్లెట్లైనా తప్పక దిగాలంటే, గురిపెట్టిన చోట పది అంగుళాల వృత్తంలో కనీసం వంద పెల్లెట్లు పడాలన్నది ఇక్కడి వేటగాళ్లు చిరకాలంగా పాటిస్తున్న లెక్క. ఆ వంద ఎన్ని గజాల దాకా పడితే ఆ తూటాకు అంతే హద్దు.

సీసపు తూటాల్లో 4, 5, 6 నంబర్లు టర్కీకి వాడుకలో ఉన్నవి. నంబరు పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నదవుతుంది. 17లోంచి నంబరును తీసేస్తే అంగుళంలో నూరోవంతుల్లో దాని వ్యాసం వస్తుంది, అంటే 5వ నంబరు పెల్లెట్ వ్యాసం 0.12 అంగుళం. ఔన్సు సీసానికి 4వ నంబరైతే సుమారు 135, 5 అయితే 170, 6 అయితే 225 పెల్లెట్లు తూగుతాయి. చిన్నవాటితో వృత్తం ఇట్టే నిండుతుంది కానీ దూరం పెరిగితే ఎముకను విరిచే సత్తువ తగ్గుతుంది. పెద్దవాటికి సత్తువ ఉంటుంది కానీ వాటి మధ్య ఖాళీలు మిగులుతాయి. ఈ రెంటి నడుమ నేను మొగ్గింది 5వ నంబరు వైపు. రాగి పూత ఉన్నవి మామూలు సీసం కంటే గట్టిగా ఉండి, గొట్టంలో ఒత్తిడికి సొట్టలు పడకుండా సూటిగా పోతాయి కనుక కొంత ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు.

ఇటీవల అందరి నోటా వినిపిస్తున్నది టంగ్‌స్టన్. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు పదకొండు గ్రాముల చిల్లర అయితే, టీఎస్ఎస్ (టంగ్‌స్టన్ సూపర్ షాట్) అని పిలిచే ఈ పెల్లెట్లది 18 గ్రాములు. వ్యాసాన్ని సాంద్రతతో గుణిస్తే పెల్లెట్ ఎంత లోతుకు దిగగలదో ఒక అంచనా దొరుకుతుంది: 5వ నంబరు సీసానికి 0.12ను 11తో గుణిస్తే 1.32, 9వ నంబరు టంగ్‌స్టన్‌కు 0.08ను 18తో గుణిస్తే 1.44. ఆవగింజను తలపించే పెల్లెట్ అంతకు ఒకటిన్నర రెట్ల వ్యాసమున్న సీసంతో సమానంగా దిగుతుందన్నమాట. పైగా ఔన్సుకు 360 దాకా వస్తాయి. 20 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావుకు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం), చివరికి 410 వంటి చిన్న తుపాకులు కూడా టర్కీ వేటకు పనికొస్తున్నాయంటే దీని చలవే. ధర మాత్రం సీసపు తూటాకు ఎన్నో రెట్లు. నలభై గజాలు దాటి కాల్చే ఉద్దేశం లేని నాకు, పన్నెండు గేజ్ తుపాకీలో ఆ ఖర్చు అవసరమనిపించలేదు. సీసాన్ని అనుమతించని ప్రాంతాల్లో వేటాడేవారి సంగతి వేరు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి ఏ వన్యప్రాణిని వేటాడాలన్నా సీసం లేని తూటాలే వాడాలి.

ఇక చోక్, అంటే పెల్లెట్లు చెదరకుండా గొట్టం చివర బిగించే ఇరుకు మూతి. పన్నెండు గేజ్ గొట్టం లోపలి వ్యాసం నామమాత్రంగా 0.729 అంగుళం, మామూలు ఫుల్ చోక్ దాన్ని 0.695 దాకా బిగిస్తే, టర్కీ చోక్‌లు 0.670కీ 0.660కీ దించుతాయి. ఎంత బిగిస్తే అంత మేలనుకోవడం పొరపాటు. నా దగ్గరున్న 0.660 చోక్‌లో 5వ నంబరు సీసం నలిగి చెదిరిపోయి మూడు కాగితాల మీద 84, 97, 79 రంధ్రాలే పడ్డాయి, 0.670 చోక్‌లో అదే పెట్టెలోని తూటాలు 112, 121, 107 ఇచ్చాయి. ఏ తూటా ఏ చోక్‌తో కలిసి పనిచేస్తుందో పెట్టె మీద ఎవరూ రాయరు, రాయలేరు కూడా.

పరీక్షకు మూడడుగుల వెడల్పున్న కాగితాన్ని అట్టకు అతికించి, నడుమ నల్లని చుక్క పెట్టి, ఇసుక సంచుల మీద తుపాకీ ఆనించి కాల్చాను. మూడు అంగుళాల తూటా భుజాన్ని గట్టిగానే తన్నుతుంది. నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుంటున్నానని గమనించి, ఆ రోజుకు ఆపేశాను. రకానికి మూడు కాగితాలైనా లేనిదే ఏ నిర్ణయానికీ రాకూడదు. ప్రతి రంధ్రం మీదా ఎర్ర పెన్నుతో చుక్క పెడుతూ లెక్కించాలి, లేకపోతే లెక్కపెట్టినదే మళ్లీ లెక్కపెడతాం. మసి అంటిన ఆ బూడిదరంగు అంచుల రంధ్రాలను గంటసేపు చూశాక కళ్లు బైర్లు కమ్మడం మామూలే.

నిరుటి నా తప్పు దొరికింది ఈ లెక్కింపులోనే. పేల్చిన తర్వాత రంధ్రాలు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడ పది అంగుళాల వృత్తం గీయడం వాడుక. తూటాకూ చోక్‌కూ పొత్తు కుదిరిందో లేదో తేల్చడానికి అది సరైన పద్ధతే. కానీ ఆ వృత్తం నేను గురిపెట్టిన చుక్క చుట్టూ గీసినది కాదు. అటక మీది నుంచి పాత కాగితం తీసి చూస్తే, వృత్తం మధ్యభాగం చుక్కకు ఎనిమిది అంగుళాలు ఎడమకు ఉంది. కొత్తగా బిగించిన రెడ్ డాట్ సైటు (ఎర్రచుక్కతో గురి చూపే సాధనం) పక్కకు చూపిస్తోంది, నేను రంధ్రాల సంఖ్య చూసుకుని సంతోషించాను. నలభై గజాల దగ్గర పెల్లెట్లు రెండడుగుల మేర పరుచుకుంటాయి కనుక అంత తేడా ఉన్నా మెడకు కొన్ని తగిలేవేమో. పదహారు గజాల దగ్గర ఆ తేడా మూడు అంగుళాల చిల్లరకు తగ్గినా, పెల్లెట్ల గుంపు పిడికిలి కంటే కొంచెమే పెద్దది. మొత్తం గుంపు మెడ పక్కనుంచి దూసుకుపోయింది.

అందువల్ల ఈసారి క్రమం మార్చాను. మొదట తక్కువ ధరకు దొరికే తేలికపాటి తూటాలతో ఇరవై అయిదు గజాల దగ్గర సైటును చుక్క మీదికి తెచ్చి, ఆ తర్వాతే టర్కీ తూటాలతో తుది సవరణ చేశాను. బరువు, వేగం మారితే తగిలే చోటు కొంత మారుతుంది కనుక తేలిక తూటాలతో సరిచూసి ఊరుకోవడం చాలదు. ఆపైన ఇరవై, ముప్పై, నలభై గజాల నుంచి ఒక్కొక్క కాగితం మీద కాల్చి, వృత్తాన్ని ఈసారి చుక్క చుట్టూనే గీశాను. నలభై దగ్గర 104 పడ్డాయి. నలభై అయిదు దగ్గర 71కి పడిపోయింది కనుక నా హద్దు నలభై గజాలని తేలిపోయింది.

చివరికి ఒక తూటా మిగిలితే, పదహారు గజాలు కొలుచుకుని పేల్చాను. చుక్క ఉండాల్సిన చోట, నా పిడికిలి దూరేంత చిరుగు మిగిలింది.