జాడీ మీద చీటీ

మన జువాలజీ ల్యాబ్‌లో బీరువా వెనక ఎప్పుడూ బూజే, ఒకరోజు దులుపుదామని చీపురు ఎత్తితే మేడమ్ ఆపేశారు. "ముందు ఆ సాలీడు కాలు చూడు, తర్వాత దులుపుదువుగాని." మైక్రోస్కోపులో చూస్తే వెనక జత కాళ్ల చివర గట్టి వెంట్రుకలు వరసగా, అచ్చం దువ్వెన పళ్లే. చిక్కిన పురుగు మీదికి జిగురు దారం విసరడానికి అదే దానికి సాధనమట. సాలీళ్లలో థెరిడిడే అనే కుటుంబానికి గుర్తు ఆ దువ్వెనే. సుండెవాల్ అనే స్వీడన్ జంతుశాస్త్రవేత్త 1833లో ఈ కుటుంబానికి పేరు పెట్టాడు, ఇప్పుడు ఇందులో రెండున్నర వేలకు పైగా జాతులున్నాయి, విషానికి పేరుమోసిన బ్లాక్ విడో సాలీడు కూడా వీటి చుట్టమే. అలాగని బూజు కట్టేవన్నీ ఇవే అనుకోకండి, ఫోల్సిడే అనే మరో కుటుంబంలోని సన్నకాళ్ల సాలీళ్లు కూడా మూలల్లో చిందరవందరగానే అల్లుతాయి, కాబట్టి గూడు చూసి తేల్చలేం. జాతి దాకా వెళ్లాలంటే జననాంగాలు చూడాల్సిందే.

అసలు నన్ను పట్టేసింది పేర్లు. ల్యాబ్‌లో ఈ సాలీడుని దాచిన జాడీ మీద చీటీలో 'అకేరానియా టెపిడేరియోరమ్', పాత పుస్తకంలో 'థెరిడియన్ టెపిడేరియోరమ్'. ఒకే సాలీడుకి రెండు పేర్లేంటని నాకు ఒకటే టెన్షన్, రేపు పరీక్షలో ఏది రాయాలి? మేడమ్ ఓపిగ్గా చెప్పారు: మొదటి మాట ప్రజాతి, దగ్గరి చుట్టాలెవరో కొత్తగా తెలిసినప్పుడల్లా అది మారొచ్చు, రెండోది మాత్రం జాతితోపాటే వెళ్తుంది. మొక్కలు పెంచే వెచ్చటి అద్దాల ఇళ్లను బట్టి 1841లో సి. ఎల్. కోచ్ అనే శాస్త్రవేత్త పెట్టిన మాట అది. జీవి పేరు పక్కన, ఆ పేరు పెట్టినాయన బ్రాకెట్లలో కనిపిస్తే, ఆయన పెట్టిన ప్రజాతిలో ఆ జీవి ఇప్పుడు లేదని అర్థం. రెండే రెండు బ్రాకెట్ గీతల్లో ఇంత చరిత్ర ఇమిడిపోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇంకో సంగతి, జంతువుల శాస్త్రీయ నామాలన్నిటికీ, ఈ రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరిచిన లినేయస్ 1758 పుస్తకమే మొదలు కదా, సాలీళ్లకు మాత్రం అంతకు ముందు ఏడాది, 1757లో స్వీడన్‌లో క్లెర్క్ వేసిన పుస్తకంలోని పేర్లు కూడా చెల్లుతాయి.

మన సాలీడు మళ్లీ మారింది, ఇప్పుడది పారాస్టియటోడా టెపిడేరియోరమ్. ఆ జాడీ ఇంకా ఉంటే, ఇప్పటి పిల్లల్లో ఎవరైనా పాత పేరు కొట్టేయకుండా దాని కిందే కొత్తది రాయండి, పక్కన బ్రాకెట్లలో కోచ్, 1841 అని కూడా.