దీపావళి సబ్బుకి వినాయక చవితికే ముహూర్తం

దసరా సెలవుల్లో తీరిగ్గా సబ్బులు చేసి దీపావళికి పంచిపెడదాం అనుకుంటే కుదరదు. విజయదశమికీ దీపావళి అమావాస్యకీ మధ్య ఉన్నది ఇరవై రోజులే. ఇంట్లో పోసిన సబ్బు ఆరడానికి తక్కువలో తక్కువ నాలుగు వారాలు, ఆరైతే ఇంకా మేలు. వినాయక చవితి నుంచి నరక చతుర్దశికి లెక్కేస్తే దాదాపు 55 రోజులు వస్తాయి. అందుకే ఉండ్రాళ్లు తిన్న మర్నాడే పోసెయ్యండి. ఒక వాయి చెడినా ఇంకో వాయి పోసుకునే వ్యవధి ఉంటుంది.

బజారులో దొరికే సోప్ బేస్ కరిగించి, రంగూ వాసనా కలిపి అచ్చుల్లో పోసేది వేరే పని. పిల్లలతో కలిసి గంటలో ముగించవచ్చు, తప్పేం లేదు. ఇక్కడ చెప్పేది మాత్రం నూనెకి కాస్టిక్ సోడా కలిపి సబ్బుగా మార్చే పద్ధతి. కాస్టిక్ లేకుండా స్నానపు సబ్బు చేశామని ఎవరైనా అంటే, ఆ పని వాళ్ల తరఫున ఇంకెవరో ముందే చేసిపెట్టారని అర్థం.

ఒక వాయికి కొబ్బరినూనె 200 గ్రాములు, వేరుశనగ నూనె 250, ఆముదం 50, కాస్టిక్ సోడా 73, నీళ్లు 150 గ్రాములు. ఏడు సబ్బులు అవుతాయి, ఆరాక ఒక్కోటి 90 గ్రాములకి అటూ ఇటూగా తూగుతుంది. గట్టిదనం, నురగ కొబ్బరినూనె వల్ల వస్తాయి. నురగని కాసేపు నిలబెట్టేది ఆముదం. అది ఎక్కువైతే సబ్బు జిగటగా తయారవుతుంది కాబట్టి పదో వంతు చాలు.

అన్నీ గ్రాములే, నీళ్లతో సహా. చాలా వాయిలు పాడయ్యేది ఇక్కడే. లీటరు నూనె ప్యాకెట్ మీద పక్కనే 910 గ్రాములని అచ్చేసి ఉంటుంది చూడండి. పై కొలతల్ని మిల్లీలీటర్లనుకుని గ్లాసుతో కొలిచారంటే గిన్నెలోకి వచ్చే నూనె 500 గ్రాములు కాదు, సుమారు 460. ఆ నూనె తినేసే కాస్టిక్ 71 గ్రాముల లోపే. మీరు వేసింది 73. మిగిలిన రెండు గ్రాములూ సబ్బులోనే ఉండిపోయి ఒంటిని మండిస్తాయి. ఒక గ్రాము తేడా కూడా చూపించే వంటింటి కాటా లేకపోతే ఈ పనికి దిగకండి.

నూనె మార్చినా లెక్క మారుతుంది. గ్రాము కొబ్బరినూనె సబ్బుగా మారడానికి 0.183 గ్రాముల కాస్టిక్ కావాలి, వేరుశనగ నూనెకి 0.136, ఆముదానికి 0.128. పై మూడింటికీ కలిపితే 77 గ్రాములు వస్తుంది. అందులో ఐదు శాతం తగ్గిస్తే 73. ఆ తగ్గింపు వల్ల కొంచెం నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మం పొడిబారకుండా చూస్తుంది, తూకంలో చిన్న పొరపాట్లనీ కాస్తుంది. ఒక తమాషా ఏమిటంటే, 500 గ్రాములూ కొబ్బరినూనే వేసి ఇరవై శాతం తగ్గించినా కాస్టిక్ లెక్క మళ్లీ 73 దగ్గరికే వస్తుంది. కోనసీమ కొబ్బరినూనె ఇంట్లో దండిగా ఉన్నవాళ్లు అలా చేసుకోవచ్చు. కానీ ఆ సబ్బు ఊహించనంత త్వరగా గట్టిపడుతుంది. గంటల్లోనే కోసెయ్యాలి, మర్నాటిదాకా ఆగితే కత్తి కింద పెళ్లలుగా విరిగిపోతుంది.

తలకి రాసుకునే సువాసన నూనెల్ని కొబ్బరినూనె కింద లెక్కేయకండి. వాటిలో చాలావాటిలో మినరల్ ఆయిల్ ఉంటుంది, అది ఎంత చిలికినా సబ్బు కాదు. దానికోసం వేసిన కాస్టిక్ అంతా మిగిలిపోతుంది. గానుగ నూనె అయితే అడుగున ఉన్న మడ్డి వదిలేసి పైతేట మాత్రం తీసుకోండి. బోరునీళ్లు వద్దు. పెట్రోల్ బంకులో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది, అది సరిపోతుంది. మురుగు గొట్టాలు శుభ్రం చేసే పొడిలో ఇంకేవేవో కలుస్తాయి, దాన్ని కాస్టిక్ అని వాడకండి. డబ్బా మీద 97 శాతానికి తగ్గకుండా స్వచ్ఛత రాసి ఉండాలి. మూత తీసి ఉంచితే గాలిలోని చెమ్మ లాగి గడ్డకడుతుంది, తూకం తప్పుతుంది.

గిన్నెలు స్టీలువే. సత్తు (అల్యూమినియం) గిన్నెలో కాస్టిక్ నీళ్లు పోస్తే బుసబుసా పొంగి హైడ్రోజన్ పుడుతుంది, గిన్నె చిల్లులు పడుతుంది. గాజు జగ్గు వేడికి పగలొచ్చు. చెక్క కవ్వం క్షారానికి నాని పొట్టు రేగుతుంది, ఆ పీచు సబ్బులో కలుస్తుంది. ఒకసారి దీనికి వాడిన సామాను మళ్లీ వంటకి వద్దు.

చేతులకి రబ్బరు తొడుగులు, కళ్లకి పక్కలు మూసుకునే కళ్లద్దాలు పెట్టుకుని, బాల్కనీలోనో పెరట్లోనో నీళ్లలో కాస్టిక్ కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, ఎగజిమ్ముతుంది. పొయ్యి లేకుండానే ఆ నీళ్లు 80 డిగ్రీలు దాటి కాగుతాయి. ఆ ఆవిరి పీల్చకుండా పక్కకి జరగండి. పిల్లలూ పెంపుడు జంతువులూ ఆ దరిదాపుల్లో లేకుండా చూసుకోండి. చేతి మీద చింది మండితే కుళాయి కింద పావుగంట పైనే పెట్టండి. వెనిగర్ పొయ్యమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లాలి.

నూనెలూ కాస్టిక్ నీళ్లూ రెండూ 40 డిగ్రీల దగ్గరికి వచ్చాక, నూనెలోకి ఆ నీళ్లు సన్నటి ధారగా పోసి హ్యాండ్ బ్లెండర్‌తో కలపండి. ఐదేసి సెకన్లు తిప్పడం, ఆపి గరిటెతో కలియబెట్టడం. మొదట పసుపుపచ్చగా, పలచగా ఉంటుంది. రెండు మూడు నిమిషాల్లో మబ్బు పట్టినట్టు తెల్లబడి, జారు దోసెపిండిలా చిక్కబడుతుంది. బ్లెండర్ ఎత్తి ధార వదిలితే ఆ గీత పైన కాసేపు నిలిచి తర్వాత మునగాలి. దీన్నే ట్రేస్ అంటారు. గీత నిలవకముందే పోసేస్తే మర్నాటికి పైన నూనె తేలుతుంది. బ్లెండర్ ఆపకుండా తిప్పితే గారెల పిండిలా బిగుసుకుపోయి అచ్చులో గాలి బుడగలు మిగులుతాయి.

వాసనకి నిమ్మగడ్డి నూనె 10 గ్రాములు ఈ దశలోనే కలపాలి. లవంగ నూనె వేస్తే కళ్లముందే గడ్డకట్టేస్తుంది, మొదటి వాయికి వద్దు. రంగుకి అర చెంచా పసుపు చెంచాడు నూనెలో కలిపి వేయండి. వేయగానే ఎర్రబడితే కంగారు పడొద్దు. పసుపూ సున్నం కలిసి పారాణి అయినట్టే, క్షారం తగిలి ఎర్రబడుతుంది. ఆరేకొద్దీ నారింజకి, ఆపైన ఆవపిండి రంగుకి దిగుతుంది. మందార పువ్వు ఎరుపు సబ్బులో నిలవదు, మురికి గోధుమరంగు అవుతుంది. పైన అద్దిన గులాబీ రేకులూ అంతే, నెలకి చచ్చిన ఆకుల్లా కనిపిస్తాయి. వేపాకు పొడి ఫర్వాలేదు, ఆకుపచ్చ పోయినా చూడ్డానికి బాగుంటుంది.

సిలికాన్ అచ్చు లేకపోతే అరకిలో స్వీటు డబ్బాలాంటి గట్టి అట్టపెట్టెలో బటర్ పేపర్ పరిచి పోయండి. ఒకటి రెండు రోజులకి వెన్నముద్దలా కాకుండా జున్నుముక్కలా కత్తికి దిగుతుంది, అప్పుడు కోయాలి, చేతికి తొడుగులు వేసుకునే. పైన తెల్లటి బూడిద కడితే అది గాలి తగిలి ఏర్పడిన సోడా, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. లోపల ద్రవం గుంటలుగా కనిపిస్తే మాత్రం ఆ వాయి ఒంటికి పనికిరాదు.

కోసిన ముక్కల్ని వెదురు జల్లెడ మీద కాగితం పరిచి, మధ్య వేలెడు సందు వదిలి నీడలో పెట్టి వారానికోసారి తిప్పండి. భాద్రపదంలో వానలు కదా, కోస్తాలో సబ్బు చెమటలు పడుతుంది. అందులోని గ్లిజరిన్ గాలిలో తేమ లాగుతుంది, చెడినట్టు కాదు. ఫ్యాను గాలి తగిలేలా ఉంచితే చాలు, ఎండలో పెట్టకండి. నారింజరంగు మచ్చలు, పాత నూనె కంపు వస్తే నూనె ముక్కిందని లెక్క. నాలుగు వారాలయ్యాక తడివేలితో సబ్బు రుద్ది నాలుక కొసకి అంటించుకుంటే సబ్బు రుచి మాత్రమే రావాలి. కరెంటు కొట్టినట్టు చురుక్కుమంటే ఎవరికీ ఇవ్వకండి. ఇలాంటి సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది, అది సబ్బు స్వభావం.

పంచడానికి ప్లాస్టిక్ చుట్టొద్దు, గాలి ఆడాలి. ఇంట్లో పేరుకున్న పెళ్లి శుభలేఖలు దీనికి బాగా పనికొస్తాయి. సబ్బు 8 సెంటీమీటర్ల పొడవు, 5.5 వెడల్పు, 2.5 మందం ఉందనుకుంటే, నడుం చుట్టు 16 అవుతుంది. అంటింపుకి ఒకటిన్నర కలిపి 17.5 పొడవు, 5 వెడల్పుతో పట్టీ కోయండి. ఒక కొస నుంచి వరసగా 5.5, 2.5, 5.5, 2.5 సెంటీమీటర్ల ఎడంతో స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీస్తే మడతలు నిటారుగా వస్తాయి, లేకపోతే మందం అట్ట మడత దగ్గర చిట్లుతుంది. సబ్బుకి చుట్టి చూసి, అర మిల్లీమీటరు వదులుగా అంటించండి. పట్టీ మీద పోసిన తేదీ, వాడిన నూనెల పేర్లు రాయండి. వేరుశనగ పడనివాళ్లుంటారు.

దసరా దాటాక ఈ పోస్టు చదువుతున్నవాళ్లకి సున్నిపిండి ఉంది. పెసలు పావుకిలో, శనగపప్పు పావుకిలో, బియ్యం 50 గ్రాములు, కచ్చూరాలు 25, కస్తూరి పసుపు 20. రెండు రోజులు ఎండబెట్టి, కచ్చూరాల్ని విడిగా దంచి మరపట్టించండి. కారం ఆడిన మరకి మాత్రం ఇవ్వకండి.