పీఎంఎస్‌ఎఫ్ చివర్లో కలపండి, ఫ్యాను కింద తూచకండి

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో వరసగా మూడు వెస్టర్న్ బ్లాట్‌లు (కణాల్లోని ఒక ప్రోటీన్‌ను యాంటీబాడీతో గీతలా చూపించే పరీక్షలు) పాడైపోయాయి నాకు. ఒక్క గీత రావాల్సిన చోట కింద దాకా జారిన మసక. యాంటీబాడీ మార్చాను, జెల్ మార్చాను, నిద్ర లేదు, టెన్షన్. తీరా చూస్తే తప్పు బఫర్‌లో ఉంది: పొద్దున్నే లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టే ద్రావణం) చేసి, అందులోనే పీఎంఎస్‌ఎఫ్ (ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియేజ్ ఎంజైములను ఆపే రసాయనం) వేసి బెంచి మీద వదిలేసి, మధ్యాహ్నం కణాలను పగలగొట్టేవాణ్ణి.

నీళ్లలో కలిసిన క్షణం నుంచీ పీఎంఎస్‌ఎఫ్ చచ్చిపోతూనే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 అయితే 110 నిమిషాల్లో సగం పోతుంది, 7.5 అయితే 55, 8 అయితే 35 నిమిషాలే. నా బఫర్ పీహెచ్ 8. నాలుగు గంటలయ్యాక నూటికి ఒక్క వంతు కూడా మిగలదు. అందుకే స్టాక్‌ను (ముందే చేసి పెట్టుకునే చిక్కటి ద్రావణాన్ని) ఐసోప్రొపనాల్‌లో చేసి, కణాలను పగలగొట్టే ముందు మాత్రమే కలపాలి. 100 మిల్లీమోలార్ స్టాక్ అయితే మిల్లీలీటరు బఫర్‌కి 10 మైక్రోలీటర్లు, అదీ కలియబెడుతూ చుక్క చుక్కగా. చల్లటి బఫర్‌లో ఒక్కసారిగా వేస్తే తెల్లటి పోగుల్లా తేలుతుంది, అలా తేలింది పని చేయదు. మైనస్ 20 ఫ్రీజర్ నుంచి తీసిన స్టాక్‌లో అడుగున స్ఫటికాలు కనిపిస్తే కంగారు లేదు, గది వేడికి వచ్చాక వోర్టెక్స్ యంత్రం మీద బాగా కుదిపితే కరిగిపోతాయి.

ఇక అసలు సంగతి. ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ లాంటి ఎంజైముల పనంతా ఒక సెరీన్ (అమైనో ఆమ్లం) మీద నడుస్తుంది. పీఎంఎస్‌ఎఫ్ వెళ్లి ఆ సెరీన్‌కే అతుక్కుంటుంది, ఫ్లోరైడ్ ఊడిపోతుంది, ఎంజైము మళ్లీ లేవదు. మన నరాల్లో ఉండే ఎసిటైల్‌కొలినెస్టరేజ్ కూడా అలాంటి సెరీన్ ఎంజైమే, దాన్నీ ఇది వదలదు. మింగితే విషం, చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది.

మొన్న ఒక జూనియర్ సీలింగ్ ఫ్యాను కింద, మాస్క్ లేకుండా, సీసా మూత తీసిపెట్టి, కాగితం మీద పీఎంఎస్‌ఎఫ్ పొడి తూస్తోంది. కాగితం అంచు దగ్గర పొడి కదులుతోంది. నాకు గుండె ఆగినంత పనైంది. వెంటనే ఫ్యాను ఆపి, సీసా మూత పెట్టించి, నేను ఎలా చేస్తానో చూపించాను: మూతతో సహా ఖాళీ ట్యూబు బరువు చూసుకుని, ఫ్యూమ్ హుడ్ (గాలిని బయటికి లాగేసే పెట్టె) లోపల కొంచెం పొడి అందులో వేసి, మూత బిగించి మళ్లీ తూచాలి. ఎంత పడిందో దానికి తగ్గట్టు ద్రావణి పోస్తే సరిపోతుంది. మిల్లీలీటరుకి 17.4 మిల్లీగ్రాములు లెక్క, 61 మిల్లీగ్రాములు పడితే 3.5 మిల్లీలీటర్లు. పొడి గాలిలోకి రాదు, సరిగ్గా తూగాలన్న తాపత్రయమూ ఉండదు.

నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. స్టాక్‌ను డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం, అది కరిగినదాన్ని చర్మం లోపలికి మోసుకుపోతుంది. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూ ఉండి, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మిగిలిన స్టాక్ సింక్‌లో పోయొద్దు, రసాయన వ్యర్థాల డబ్బాలోకే.

ఇంకొకటి, ఇది అన్ని ప్రోటియేజులనూ ఆపదు. లోహం మీద ఆధారపడేవాటికి ఈడీటీఏ, ఆస్పార్టిక్ రకానికి పెప్‌స్టాటిన్ కావాలి. డబ్బు ఉంటే దీని బదులు ఇదే కోవకు చెందిన ఏఈబీఎస్‌ఎఫ్ కొనమంటాను, నీళ్లలో కరుగుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది, విషం తక్కువ. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఇప్పుడు అదే ఇస్తున్నాం.