పొయ్యి చవక, గొట్టం ఖరీదు

"పొయ్యికేముందన్నా, ఇటుకలు, మట్టి, ఒక్కరోజు కూలీ. డబ్బంతా గొట్టానికే" అన్నాడు మేస్త్రీ, బీడీ చెవి వెనక దోపుకుంటూ.

చిత్తూరులో ఈ ఎండల్లో కట్టెల పొయ్యి ఏంటని అడక్కండి. గ్యాస్ మీద కెలికిన సంగటి అమ్మకు సంగటే కాదు.

పొయ్యికి 3,000. రేకు గొట్టం, పైన టోపీ, షెడ్డు రేకుకు బెజ్జం, వాన నీళ్ళు కారకుండా సీలు... ఇంకో 8,000! వంపులు పెడితే పొగ సరిగ్గా లాగదు, నిలువుగా కప్పు దాటి పోవాల్సిందే అన్నాడు. అది మాత్రం నిజమే.

మామిడి కట్టెలకైతే మా వైపు కరువు లేదు. కాకపోతే బాగా ఎండాలి, పచ్చివైతే కళ్ళు మండి చస్తాం.

"ఆ డబ్బుకు పది సిలిండర్లు పైనే వస్తాయి కదమ్మా" అన్నాను.

"ఆ సిలిండర్ సంగటి నువ్వే తినుపో" అంది.

అడ్వాన్స్ ఇచ్చేశా.