రాత్రి ఒంటిగంటన్నరకి సర్వర్ జాబ్ పెట్టకండి

మార్చి చివరి ఆదివారం బ్రిటన్‌లో రాత్రి ఒంటిగంట కాగానే గడియారం రెండుకి దూకుతుంది. సర్వర్ లండన్ టైమ్‌లో ఉంటే, 1:30కి దానంతటదే నడిచేలా పెట్టిన బ్యాకప్ జాబ్‌కి ఆ రాత్రి ఆ టైమే రాదు. అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి వెళ్తుంది, అదే 1:30 రెండుసార్లు వస్తుంది. బిల్లింగ్ జాబ్ రెండుసార్లు నడిచిందంటే తిట్లు తినేది మనమే! కొన్ని క్రాన్‌లు (జాబ్‌లని టైమ్‌కి నడిపే ప్రోగ్రామ్‌లు) సర్దుకుంటాయి, అన్నీ కాదు. సర్వర్‌ని యూటీసీలోనే (ముందుకీ వెనక్కీ జరగని ప్రపంచ ప్రామాణిక టైమ్) ఉంచి, లోకల్ టైమ్ స్క్రీన్ మీద చూపిస్తే చాలు. రాబోయే అపాయింట్‌మెంట్లకి మాత్రం లోకల్ టైమ్‌తో పాటు 'యూరప్/లండన్' టైమ్ జోన్ పేరూ సేవ్ చేయాలి, రూల్స్ మారొచ్చు కదా.

అన్నట్టు, 1968 నుంచి 1971 దాకా బ్రిటన్ చలికాలంలో కూడా గంట ముందే నడిచింది. అందుకే కంప్యూటర్లు సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టే యూనిక్స్ సున్నా సెకను (యూటీసీలో 1970 జనవరి 1 అర్ధరాత్రి) లండన్‌లో 1970 జనవరి 1, రాత్రి ఒంటిగంట. ఖాళీ తేదీ సున్నాగా లెక్కకొచ్చి అలా కనిపిస్తే డేటాబేస్‌ని అనుమానించకండి.